బడి మాన్యం అమ్మితే వేటగాడికేం నష్టం?

అమెరికా పశ్చిమాన ఉన్న ఓరెగాన్ రాష్ట్రంలో మన తెలుగువాళ్ల వనభోజనాల్లో వేట ప్రస్తావన వస్తే సంభాషణ అక్కడితో ఆగిపోతుంది. ఇండియాలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత పెరిగిన తరం మనది. వేట అంటే మనకు నేరమనే తెలుసు. నేనూ ఏనాడూ తుపాకీ పట్టినవాణ్ని కాను, పట్టే ఉద్దేశమూ లేదు. అయినా ఓరెగాన్‌లో రాష్ట్ర ప్రభుత్వం తన అడవిని అమ్మకానికి పెట్టినప్పుడు గట్టిగా అడ్డుచెప్పినవాళ్లలో వేటగాళ్లు ఉన్నారు. వాళ్ల అభ్యంతరం న్యాయమైనదనీ, అది మనకూ వర్తిస్తుందనీ నా అభిప్రాయం.

ఈ భూముల పుట్టుక తెలిస్తేగాని ఆ అభ్యంతరం అర్థం కాదు. 1859లో ఓరెగాన్ రాష్ట్రమైనప్పుడు అమెరికా కేంద్ర ప్రభుత్వం ప్రతి టౌన్‌షిప్‌లోని (సర్వేలో భూమిని విడగొట్టే చతురస్రపు ముక్క) 36 భాగాల్లో రెండింటిని, అంటే 16వ, 36వ భాగాలను బడుల కోసం ఇచ్చింది. ఒక్కో భాగం 640 ఎకరాలు. అన్నీ కలిపితే సుమారు 34 లక్షల ఎకరాలు. దేవుడి మాన్యం ఎలాంటిదో ఇది అలాంటి బడి మాన్యం. దాని ఆదాయం పిల్లల చదువుకే చెందాలి. కాబట్టి అధికారులు దాన్ని ఉద్యానవనంలా ఊరికే ఉంచడానికి వీల్లేదు; చెట్లు కొట్టో, కౌలుకిచ్చో, చివరికి నేలనే అమ్మో డబ్బు తేవాలి. ఓరెగాన్ ఆ మాన్యంలో అత్యధిక భాగాన్ని ఏనాడో అమ్ముకుంది. నెవాడా అయితే తనకు దక్కిన 27 లక్షల ఎకరాల్లో ఇప్పుడు మూడు వేల ఎకరాలు మాత్రమే మిగుల్చుకుంది. కేంద్రం చేతిలోని అడవులను రాష్ట్రాలకు అప్పగించాలని ఎవరైనా నాయకుడు అన్నప్పుడు పశ్చిమ రాష్ట్రాల వేటగాళ్లు ఉలిక్కిపడేది అందుకే. ఆ మాట వాళ్లకు అమ్మకానికి తొలిమెట్టుగా వినిపిస్తుంది.

ఓరెగాన్ తీరపట్టణం కూస్ బే దగ్గరి ఎలియట్ అడవి కథే చూడండి. కేంద్ర అటవీ భూముల మధ్య చెల్లాచెదురుగా ఉన్న బడి భూములను కేంద్రంతో మార్చుకుని, ఒక్కచోటికి తెచ్చి 1930లో ఏర్పరచిన అడవి అది. దశాబ్దాలపాటు దాని కలప బడుల నిధికి డబ్బు తెచ్చింది. అయితే ముసలి చెట్ల కొమ్మల మీద గుడ్డు పెట్టే మార్బుల్డ్ మర్లెట్ అనే సముద్రపక్షి రక్షణ కోసం 2012లో దావా పడింది, నరికివేత చాలావరకు ఆగిపోయింది, 2013లో ఆ అడవి సుమారు 30 లక్షల డాలర్ల నష్టం చూపింది. ఇక అమ్మడమే మేలని గవర్నరు, రాష్ట్ర కార్యదర్శి, కోశాధికారి ముగ్గురే సభ్యులుగా ఉన్న స్టేట్ ల్యాండ్ బోర్డు భావించింది. సుమారు 82,500 ఎకరాలకు 22 కోట్ల 8 లక్షల డాలర్ల ధర కట్టారు. ఒక కలప సంస్థ, కౌ క్రీక్ అనే అక్కడి ఆదివాసీ తెగ కలిసి వేసిన ఒకే ఒక్క బిడ్ వచ్చింది. 2017 ఫిబ్రవరి 14న బోర్డు రెండు ఓట్లకు ఒకటి తేడాతో అమ్మకానికే మొగ్గింది. కాదన్న ఆ ఒక్కరు గవర్నర్ కేట్ బ్రౌన్. (ఆ నేల అసలు ఎవరిదన్న ప్రశ్న రాష్ట్రం కంటే చాలా వెనక్కి వెళుతుందని, కొనబోయినవారిలో ఒక తెగ ఉండటం ఆ ప్రశ్నను ఇంకా చిక్కుపరిచిందని ఒప్పుకోవాలి.)

అమ్మకం షరతుల్లో ఒకటి, కనీసం సగం భూమిలోకి ప్రజలను రానివ్వాలన్నది. కాగితం మీద ఇది ఉదారంగానే కనిపిస్తుంది. నాతో పనిచేసే ఒక వేటగాడు మాత్రం ఒకే ప్రశ్న వేశాడు: ఏ సగం? రూజ్‌వెల్ట్ ఎల్క్ అనే పెద్ద జింకల మందకు ఏ సగం తనదో తెలియదు. ఒక రోడ్డుకు అడ్డంగా గేటు వేస్తే, దాని వెనకున్న వేల ఎకరాలు పేరుకు తెరిచినట్టే ఉండి, కాలినడకన చేరలేనివవుతాయి. ఈ భయం ఊహాజనితం కాదు. పశ్చిమంలోని 11 రాష్ట్రాల్లో 63.5 లక్షల ఎకరాల రాష్ట్ర భూమి చుట్టూ ప్రైవేటు భూములే ఉండి, చట్టబద్ధమైన దారి లేక, తన సొంతదారులైన ప్రజలకే అందకుండా ఉందని 2019లో ఒక అధ్యయనం లెక్కతేల్చింది. సొంత పొలమో, లీజుకు డబ్బో ఉన్నవాడికి ఈ బెంగ లేదు. జీతం రాళ్లతో బతుకుతూ ఏడాదికి ఒక ఎల్క్ మాంసంతో డీప్ ఫ్రీజర్ నింపుకునేవాడికి ప్రభుత్వ భూమి తప్ప వేరే దిక్కు లేదు.

వేటగాళ్లందరూ ప్రకృతి ప్రేమికులని నేను చెప్పడం లేదు. కానీ 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద రైఫిళ్ల మీద, తూటాల మీద వసూలయ్యే 11 శాతం పన్ను రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు చేరుతోంది. నేను కొన్న ట్రెక్కింగ్ బూట్ల మీద అలాంటి పన్నేదీ లేదు.

ఎదుటివాదం బలహీనమైనదేమీ కాదు. నష్టం తెచ్చే మాన్యాన్ని ఉంచుకుని పిల్లల చదువుకు రావలసినది ఎగ్గొట్టడం ధర్మకర్త చేయవలసిన పనేనా? దీనికి ఓరెగాన్ వెతికిన సమాధానం నాకు నచ్చింది. 2017 మే నెలలో బోర్డు ఏకగ్రీవంగా అమ్మకాన్ని విరమించింది. తర్వాత 2017లో 10 కోట్ల డాలర్ల బాండ్లు, 2022లో మరో 12 కోట్ల 10 లక్షలు కేటాయించి, బడుల నిధికి రావలసిన సొమ్మును శాసనసభే చెల్లించింది. అంటే మన పన్నులతో మన అడవిని మనమే కొనుక్కున్నాం. వింతగా అనిపించినా, బడికి అన్యాయం జరగలేదు, అడవి చేజారలేదు.

హైదరాబాద్ వార్తలు చదివేవారికి ఇందులో పరిచయమైన ఛాయలు కనిపిస్తాయి. 2023లో కోకాపేటలో ప్రభుత్వ భూమి ఎకరం 100 కోట్లు దాటి పలికినప్పుడు మన వాట్సాప్ బృందాల్లో వెల్లివిరిసింది గర్వమే. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో యంత్రాలు దిగినప్పుడు, సుప్రీంకోర్టు ఆపేదాకా, అక్కడి నెమళ్ల కోసం, జింకల కోసం నిలబడింది విద్యార్థులు. ఆ వీడియోలను మనమందరం పంచుకున్నాం, సంతకాలూ చేశాం.

ఎలియట్ అమ్మకం మీద 2017లో బోర్డు ప్రజల మాట విన్నది. నా సహోద్యోగి పనికి సెలవు పెట్టి రాష్ట్ర రాజధాని సేలం వెళ్లి తన గోడు చెప్పుకున్నాడు. వారాంతాల్లో ఓరెగాన్ కొండలన్నీ చుట్టివచ్చే మా తెలుగు నడక బృందం నుంచి ఒక్క ఉత్తరమూ వెళ్లలేదు.