తుప్పు గారి దివ్య సముఖమునకు

మహారాజశ్రీ తుప్పు గారికి, మీ నోట పడిన ఒక పాత ఫియట్ కారు యజమాని నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. అంటే మీరు కుశలమే. నేనూ, బండీ కాదు.

మొన్న ఆదివారం షెడ్డులో ఏం జరిగిందో మీకు చెప్పక్కర్లేదు, లోపల ఉన్నది మీరే కదా. జాకీ తిప్పుతుంటే బండి పైకి లేవలేదు. జాకీయే తలుపు కింది గడప రేకును చీల్చుకుని లోపలికొచ్చింది. మేస్త్రీ నావైపు చూసి, "టీ తాగొద్దాం రండి సార్" అన్నాడు. ఆపరేషన్ థియేటర్ బయట డాక్టరు భుజమ్మీద చెయ్యి వేసినట్టుంది. టీ తాగి వచ్చి సాయంత్రం దాకా స్క్రూడ్రైవరుతో పొడుస్తూ కూర్చున్నాం. పొడిచిన చోటల్లా దిగింది.

"బాడీ బంగారం సార్" అన్నాడు అమ్మినాయన. బంగారానికి తుప్పు పట్టదన్న సంగతి అప్పుడు తట్టలేదు. భీమిలిలో ఒక పెరట్లో, కొబ్బరి చెట్ల కింద, టార్పాలిన్ కప్పుకున్న 1971 మోడల్ బండిని చూడగానే మతిపోయింది. టార్పాలిన్ చూసి ఎంత జాగ్రత్తో అని మురిసిపోయాను. లోపలి చెమ్మ బయటికి పోకుండా అది ఇరవై ఏళ్ళు మీకే గొడుగు పట్టిందని ఇప్పుడు తెలిసింది. జేబులో ఒక అయస్కాంతం ముక్క ఉంటే అక్కడే తేలిపోయేది. రేకున్న చోట అంటుకునేది, కన్నాలు పూడ్చే మెటల్ పేస్ట్ మెత్తిన చోట జారిపోయేది. అయస్కాంతం లేదు. నేనే అతుక్కుపోయాను.

ఎలుకలు వైరింగ్ తిన్నాయి, పోనీ. అద్దం చుట్టూ వేసే రబ్బరు బీడింగ్ కోసం విజయవాడ దాకా తిరిగాను, అదీ పోనీ. ఇంజన్ మర్యాద తెలిసినది. 1,089 సీసీ. రెండు రోజులు సిలిండర్లలో ఆయిల్ పోసి నానబెట్టి, ప్లగ్గులు తుడిస్తే దగ్గుతూనైనా పలికింది. నా పేచీ అంతా మీతోనే.

లారీకి కింద వేరే ఛాసిస్, అంటే ఇనుప చట్రం, ఉంటుంది. పై రేకు పోయినా వెన్నెముక మిగులుతుంది. ఫియట్‌కి ఆ భాగ్యం లేదు, దాని గుల్లే దాని వెన్నెముక. నేల, గడపలు, కప్పు అన్నీ కలిసి బరువు మోస్తాయి. సరిగ్గా అక్కడే కాపురం పెట్టారు తమరు. అదీ పెయింటు పైన కాదు, కింద. ఒక్క గీత దొరికితే చాలు, దూరిపోతారు. ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమించి రంగును బొబ్బల్లా ఉబ్బిస్తారు. ఆ బొబ్బ మా కంట పడేసరికి లోపల భోజనాలు ముగిసి ఉంటాయి. తలుపు అడుగున నీళ్ళు పోవడానికి ఉన్న కన్నాల్లో ఆకుల చెత్త పేరుకుంటే, నిలిచిన నీళ్ళతో విందు చేసుకున్నదీ మీరే. పైన పటారం, లోన లొటారం అన్నవాడు కచ్చితంగా పాత కారు కొన్నవాడే.

మీ నోరు కట్టేద్దామని రంగుకి ముందు ఇనుము మీద పూసే రెడాక్సైడ్ డబ్బా తెచ్చాను. తీరా చూస్తే అందులో ఉన్నదీ ఐరన్ ఆక్సైడే. మీ చుట్టమే!

50 ఏళ్ళు దాటింది కదా, వింటేజ్ కింద రిజిస్టర్ చేయిద్దామని కూడా ఆశపడ్డాను. 2021లో వచ్చిన రూల్ అది. కొత్తగా చేయిస్తే 20,000 రూపాయలు. బండి మాత్రం అసలు రూపంలోనే ఉండాలట, బాడీ గుల్లను మార్చకూడదట. నేను మార్చకూడదు. మీరు మార్చొచ్చు. మీకు రవాణా శాఖ అనుమతి అక్కర్లేదు.

ఢిల్లీలో ఇనుప స్తంభం 1,600 ఏళ్ళుగా ఎండకీ వానకీ నిలబడే ఉంది. ఆ ఇనుములో భాస్వరం ఎక్కువ, పైన పొర కట్టింది, అక్కడ నీ పప్పులుడకలేదు. నీ ప్రతాపమంతా దిక్కులేని ఫియట్ మీదా? సిగ్గు లేదూ? ఎవరినైనా తిట్టాలంటే "నీ తుప్పు వదిలిస్తా" అంటాం. నిన్నేమని తిట్టాలి?

అమ్మినాయన ఇంకో మాట కూడా అన్నాడు. "మా నాన్నగారు ప్రతి ఆదివారం ఇందులోనే మమ్మల్ని సముద్రానికి తీసుకెళ్ళేవారు సార్." ఆ మాటకి కరిగిపోయి బేరం ఆపేశాను. కనీసం ఐదు వేలు తగ్గేవి. నిన్న మేస్త్రీ వెనక సీటు కింది రేకు కోసి తీస్తే, నీ ఎర్రటి పెచ్చులతో పాటు గుప్పెడు ఇసుక రాలింది. అందులో గోరంత గవ్వ. తడి నిక్కర్లతో ఎక్కిన పిల్లలు మోసుకొచ్చిన ఇసుక. వాళ్ళ ఉప్పు తిని బతికావు నువ్వు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడంతో ఆగావా, వాసాలే తినేశావు.

గవ్వను డాష్‌బోర్డు మీద పెట్టాను. ఇసుక ఊడవబోతే మేస్త్రీని కాసేపు ఆగమన్నాను.

ఎడమ వెనక తలుపు ఇంకా విప్పలేదు. అందులో ఉన్నావని తెలుసు. వెల్డింగ్ గ్యాస్ గురువారం వస్తుంది. అతుకు వేయడానికి ఓ నాలుగు వేళ్ళ రేకైనా అప్పటిదాకా ఉంచు.

ఇట్లు,
గుల్ల యజమాని