వీఆర్సీ సెంటర్ నుంచి లండన్‌కి

నిన్నమొన్నటిదాకా నెల్లూరులో వీఆర్ అంటే వెంకటగిరి రాజావారి కాలేజీయే. ఆటోవాడికి ‘వీఆర్సీ’ అంటే చాలు, సెంటర్లో దించేస్తాడు. ఇప్పుడు రెండో వీఆర్ వచ్చింది, వర్చువల్ రియాలిటీ. కోచింగ్ సెంటర్లలో దీంతో ఇంగ్లిష్ మాట్లాడటం నేర్పుతున్నారు. దీనికి ఆటో కూడా అక్కర్లేదు. అరకిలో పెట్టె కళ్లకు తగిలించుకుంటే లండన్ హోటల్లో తేలతాం. దొర బొమ్మ ఒకటి వచ్చి ఏం కావాలని ఇంగ్లిషులో అడుగుతుంది, మనం ఇంగ్లిషులోనే చెప్పాలి. 1968లో ఐవాన్ సదర్లాండ్ అనే అమెరికా శాస్త్రవేత్త చేసిన ఇలాంటి పెట్టె బరువుకి దాన్ని పైకప్పుకి వేలాడదీశారట. ఇప్పుడు ఆ బరువంతా ఫీజులోకి మారింది.

నేను ఎగతాళి చేయడం లేదు. సిగ్గూ భయమూ అడ్డుంటే భాష లోపలికి దిగదని స్టీఫెన్ క్రాషెన్ అనే అమెరికా పండితుడు 1980ల్లోనే చెప్పాడు. ఆ అడ్డుకి ‘అఫెక్టివ్ ఫిల్టర్’ అని పేరు. మా బళ్లో దాన్ని లాస్ట్ బెంచీ అనేవాళ్లం. ఏడో తరగతిలో నేను లేచి ‘హీ వెంట్’ అనాల్సింది ‘హీ గోడ్’ అన్న రోజు ఆ బెంచీ నవ్విన నవ్వు ఇప్పటికీ చెవుల్లో ఉంది. తర్వాత డిగ్రీ దాకా ఇంగ్లిషులో నోరు తెరిస్తే ఒట్టు. బొమ్మ నవ్వదు. అదొక్కటీ దాని గొప్ప, చిన్న గొప్పేం కాదు.

కాకపోతే ఒక మనవి. నెల్లూరోడికి ఇంగ్లిష్ అవసరం పడేది లండన్లో కాదయ్యా, మద్రాసులో. ఆ పెట్టెలో సెంట్రల్ స్టేషన్ బయట ఆటో బేరం పెట్టండి. ఆస్పత్రి కౌంటర్ పెట్టండి. కల్యాణ మండపంలో అమెరికా బాబాయి ‘సో, వాట్ నెక్స్ట్?’ అంటుంటే వెనక ఇద్దరు కిసుక్కుమనేది కూడా పెట్టండి. అందులో పాసైనవాడే పాసైనట్టు.

మొన్న మా మేనల్లుణ్ణి ఒక కోచింగ్ సెంటర్‌కి తీసుకెళ్లాను. పెట్టె తగిలించుకుని ‘వన్ కాఫీ ప్లీజ్’ అన్నాడు, బ్రహ్మాండంగా. బొమ్మ కప్పు తెచ్చింది. అందుకుందామని చెయ్యి చాపితే బల్ల మీదున్న సారు టీ గ్లాసు ఒలికింది.

‘ఓర్నీ, కాలిందబ్బా!’ అన్నాడు.

బొమ్మ ఓపిగ్గా, సారీ, మళ్లీ చెప్తారా అని అడిగింది. మళ్లీ చెప్పాడు, ఈసారి ఇంకా గట్టిగా.

పెట్టె తీసి చూస్తే, వరసలో ఉన్న నలుగురూ పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. వాడు ఒక్క క్షణం చూసి, మళ్లీ తగిలించేసుకున్నాడు.