కనుమ నాడు కాకి కదలదట, నేను మాత్రం లాగిన్ అవ్వాలట

2026 సెలవుల జాబితా ఇప్పుడే మెయిల్‌లో వచ్చింది. డిసెంబరు ఆఖర్లో! రైలు టికెట్లు 60 రోజుల ముందే తెరుస్తారు, తెరిచీ తెరవగానే వెయిటింగ్ లిస్టులోకి పోతాయి. హైదరాబాదులో ఉన్న గోదావరి జనమంతా నవంబరు మధ్యలోనే కొట్టుకు చచ్చి బుక్ చేసుకున్నారు. ఏ రోజు సెలవో మా హెచ్‌ఆర్ వాళ్ళు తాపీగా ఇప్పుడు సెలవిస్తున్నారు.

సరే, తెరిచి చూశా. జనవరి 15, గురువారం: "మకర సంక్రాంతి / పొంగల్ / లోహ్రీ / బిహు". నాలుగు పండగల్ని ఒక్క గడిలో కుక్కేశారు. లోహ్రీ 13న కదమ్మా అని అడిగే నాథుడు లేడు. నా పక్క సీటు పంజాబీ కుర్రాడికి వాడి పండగ మంట చల్లారి బూడిదయ్యాక సెలవన్నమాట. మా టీమ్‌లో అస్సాం అమ్మాయి ఒకావిడ ఉంది. ఉరుకా, అంటే పండగ ముందు రాత్రి, అందరూ కలిసి వండుకు తిని, తెల్లారగట్ల మేజీ (వెదురూ గడ్డీ పేర్చి కట్టిన మంట) తగలబెడితేనే వాళ్ళకి బిహు. గౌహతి వెళ్ళి రావడానికే చాలని ఆ ఒక్క రోజు పెట్టుకుని ఆ పిల్ల ఏం చేసుకోవాలి?

ఇక భోగి. అది ఆప్షనల్‌లో ఉంది, పుట్టినరోజు, పెళ్ళిరోజుల సరసన. కనుమ ఎందులోనూ లేదు. శుక్రవారం 16న కనుమ, ఆ వెనకే శని, ఆది. ఆ ఒక్క శుక్రవారం వదిలేస్తే వాళ్ళ సొమ్మేం పోయిందండీ? పోతుందట. ఆ రోజు సాఫ్ట్‌వేర్ రిలీజట.

ఇంతవరకూ నాకు కొత్తేం కాదు, ఏటా ఉన్న ఏడుపే. ఒళ్ళు మండింది ఎక్కడంటే, మా మేనేజరుకి మెసేజ్ పెడితే ఆయన ఇచ్చిన జవాబు దగ్గర. "కనుమకి ఏముంటుంది బ్రో, తిని పడుకోవడమేగా. లాప్‌టాప్ పట్టుకెళ్ళు."

ఈయన ఏ ఢిల్లీ వాడో, చికాగో వాడో అయితే నేనీ పోస్టు రాసేవాణ్ణే కాదు. మనోడే! భీమవరం దగ్గరి వాడు! కనుమ నాడు మినుము తినాలని, కాకి కూడా కదలదని వాళ్ళ నాయనమ్మ ఈయనకి చెప్పలేదంటే నేను నమ్మను.

తిని పడుకోవడమా! కనుమ రోజు మా కోనసీమ రండి సార్, మొసలపల్లి జగ్గన్నతోటకి. అక్కడ గుడీ గోపురం ఏం ఉండవు, ఉత్త కొబ్బరితోట. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి 11 మంది రుద్రులు, అంటే ఆయా ఊళ్ళ శివుళ్ళు, ప్రభల మీద అక్కడికొస్తారు. ప్రభంటే వెదురుతో కట్టి, రంగుల బట్టలు చుట్టి, భుజాల మీద మోసుకొచ్చే పెద్ద చట్రం. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలైతే కౌశిక కాలువ దాటి రావాలి. నీళ్ళు పీకల దాకా వస్తాయి. వెదురు బొంగు భుజం మీద ఒరుసుకుపోతుంటుంది, కాళ్ళ కింద బురద జారిపోతుంటుంది, వెనకనుంచి "అశ్శరభ శరభ" అని ఒక్క అరుపు వినపడేసరికి ఎక్కడి బలమో వచ్చేస్తుంది. పచ్చటి చేలు తొక్కుకుంటూ పోయినా రైతు కిక్కురుమనడు, తొక్కితే మంచిదనే అనుకుంటాడు. ఆ ప్రభకి భుజం పట్టాల్సినవాడు లాప్‌టాప్ ఎక్కడ పెట్టుకోవాలి సార్, నెత్తి మీదా?

ఇంకో తమాషా. 2023 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో మన ఆంధ్రప్రదేశ్ శకటం ఏంటో తెలుసా? ఈ ప్రభల తీర్థమే. ఆ శకటాన్ని టీవీలో చూడ్డానికి జనవరి 26న దేశమంతటికీ సెలవు. అసలు తీర్థానికి వెళ్ళడానికి మాత్రం లేదు.

తమిళనాడు వాళ్ళని చూసి నేర్చుకోవాలి. పొంగల్‌కి సెలవు, మర్నాడు మాట్టు పొంగల్‌ని తిరువళ్ళువర్ దినం చేసి సెలవు, ఆ మర్నాడు ఉళవర్ తిరునాళ్, అంటే రైతుల పండగ, అని ఇంకో సెలవు. ఎడ్ల పండక్కి అడ్డొచ్చే మేనేజరు ఉంటాడేమో గానీ తిరువళ్ళువర్‌కి అడ్డొచ్చేవాడు ఉంటాడా? మనమూ కనుమకి ఏ వేమన దినమో అని పేరు పెట్టేస్తే సరి. ఆంధ్రాలో మూడు రోజులూ సర్కారు సెలవే, తెలంగాణలో భోగికీ సంక్రాంతికీ ఉంది. కేంద్ర ప్రభుత్వం దగ్గరికొస్తే సంక్రాంతి తప్పనిసరి జాబితాలోనే లేదు, 12 పండగల్లోంచి మూడు ఏరుకోమన్నారే, అందులో ఒకటి. దేశమంతా ఏదో ఒక పేరుతో చేసుకునే పంట పండగకి ఇదీ మర్యాద!

అమెరికా క్లయింటు క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా దుకాణం కట్టేస్తే మనం కూడా కట్టెయ్యాలి, అదీ మన లీవులు కోసుకుని. అడక్కుండానే కోసేశారు. ఇప్పుడు కనుమకి పెడదామంటే బ్యాలెన్సు లేదంటుంది పోర్టలు.

అసలు పోయిన సంక్రాంతి సంగతి చెప్పకుండా ఎలా? ప్రొడక్షన్ పడిపోయిందని కనుమ పొద్దున్నే నన్ను కాల్‌లో కూర్చోబెట్టారు. మా అమ్మ గారెలు తెచ్చి పక్కన పెట్టి, చల్లారిపోతున్నాయిరా అని తలుపు దగ్గరే నిలబడింది. మ్యూట్‌లో పెట్టి ఫోను తీస్తే మా సారుగారి స్టేటస్! పట్టుపంచె, నల్ల కళ్ళజోడు, వెనక కోడిపందేల బరి, కింద "మన సంస్కృతి మన గర్వం" అని రాత. కోర్టులు వద్దన్న పందెం ఈయనకి సంస్కృతి, నేను ప్రభ మొయ్యడం తిని పడుకోవడం. ఈ ఏడు కూడా బుధవారం పొద్దున రాజమండ్రి ఫ్లైటుకి బుక్ చేసుకున్నాడు, టీమ్ క్యాలెండరులో నిన్నే చూశా. రిలీజు ఎవరు చూస్తారయ్యా అంటే, ఇంకెవరు, నేను!

అన్నట్టు జాబితాతో పాటు ఇంకో మెయిల్ కూడా వచ్చింది. 13వ తారీఖు సాయంత్రం క్యాఫెటేరియాలో సంక్రాంతి సంబరాలట. పొగ వస్తే అలారం మోగుతుందని నారింజరంగు కాగితాలు కత్తిరించి, కింద టేబుల్ ఫ్యాను పెట్టి భోగి మంట చేస్తారు. దాని ముందు చేతులు చాపి చలి కాచుకుంటూ ఫోటోలు, రాత్రికల్లా లింక్డ్‌ఇన్‌లో "మా సంస్థలో వైవిధ్యం" అని పోస్టు. "మీది కోనసీమ కదా, హరిదాసు వేషం మీరే వెయ్యాలి" అని నా పేరు నన్నడక్కుండా రాసేశారు కూడా.

వేస్తానని జవాబు కొట్టేశా. అక్షయపాత్ర నెత్తిన పెట్టుకుని ముందు హెచ్‌ఆర్ వాళ్ళ సీట్ల దగ్గరికి, తర్వాత మా సారు క్యాబిన్‌కి వెళ్తా. బియ్యం వద్దమ్మా, ఒక్క కనుమ వెయ్యండి అంటా. ఆ ఫోటో కూడా లింక్డ్‌ఇన్‌లో పెడతారేమో చూద్దాం.