మూడు బోగీల దూరదృష్టి

హైదరాబాద్ మెట్రోకు మూడే బోగీలేమిటని సణిగేవారికి ముందుచూపు అంటే ఏమిటో తెలియదు. ప్లాట్‌ఫారాలను ఆరు బోగీల రైలు పట్టేలా కట్టారు. 2017 నవంబరులో తొలి రైలు కదిలిన నాటి నుంచి వస్తున్నవి మాత్రం మూడు బోగీలే. మిగిలిన సగం దేనికో తెలియాలంటే సాయంత్రం ఆరున్నరకు అమీర్‌పేట స్టేషన్‌కు రావాలి.

మియాపూర్–ఎల్బీనగర్, నాగోల్–రాయదుర్గం మార్గాలు కలిసేది ఇక్కడే. కింద వీధుల్లోని కోచింగ్ సెంటర్లలో జావా నేర్పుతారు, పైన బతకడం నేర్పుతారు. పై చదువుకు ఫీజు టికెట్టులోనే కలిసి ఉంటుంది. ఊరి నుంచి కొత్తగా దిగిన కుర్రవాడు, వీపున సంచి, చేతిలో కోర్సుల కరపత్రాలతో, జనం లేని చోటు దొరికిందని మురిసిపోతూ ప్లాట్‌ఫారం చివర నిలబడతాడు. రైలు వచ్చి ఎక్కడో ఆగుతుంది. ఇక పరుగే పరుగు. క్రీడాశాఖ పైసా ఖర్చు పెట్టకుండా ఇంతమందిని పరిగెత్తించగలదా? ఎక్కడ నిలబడాలో చెప్పే బాణం గుర్తులు నేల మీద ఉన్నాయి. వాటి మీద జనం నిలబడి ఉంటారు కనుక కనిపించవు, అంతే.

లోపలికి చేరాక తలుపులకు దూరంగా నిలబడమని మృదువుగా ఒక గొంతు చెబుతుంది. ఇటు జరిగితే ఇటు తలుపు, అటు జరిగితే అటు తలుపు. దిగే శ్రమ కూడా మనది కాదు. రాయదుర్గంలో ఎక్కి బేగంపేట వెళ్లాల్సిన పెద్దమనిషిని సైతం జనం ఒక స్టేషన్ ముందే, అమీర్‌పేటలో, సాదరంగా దించేస్తారు.

అసలు ఏదీ పెరగలేదనడం అన్యాయం. 2025 మే నెలలో గరిష్ఠ ఛార్జీ 60 రూపాయల నుంచి 75కు పెరిగింది. కొద్ది రోజులకే పది శాతం తగ్గించి కనికరమూ చూపారు. పెరగాల్సింది బోగీలేనని ఎవరు చెప్పారు?

పాతబస్తీ వారిపై ఈ శ్రద్ధ మరీ ఎక్కువ. జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) నుంచి పాతబస్తీలోని ఫలక్‌నుమా దాకా వెళ్లాల్సిన మార్గాన్ని 2020లో ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) దగ్గరే ఆపి, వారిని రద్దీ బారిన పడకుండా కాపాడారు. అక్కడ దిగి చార్మినార్ వైపు షేర్ ఆటో ఎక్కండి. ముగ్గురు పట్టే బండిలో ఆరుగురిని సర్దే ఆ డ్రైవరు చేతికి మెట్రో ప్రణాళిక చిక్కి ఉంటే ఏమయ్యేదో, తలచుకుంటేనే గుండె దడ.