ఒంటిమీది కండ సాక్ష్యం కాదు

పచ్చి కాలేయాన్ని కెమెరా ముందు నమిలి మింగే గడ్డపు కండల వీరుడొకడు కొన్నేళ్ల కిందట అమెరికాలో లక్షలాది మందికి గురువయ్యాడు. పేరు బ్రయాన్ జాన్సన్, తనకు తాను ఇచ్చుకున్న బిరుదు 'లివర్ కింగ్'. (చావును వాయిదా వేస్తానంటున్న కోటీశ్వరుడు బ్రయాన్ జాన్సన్ వేరు.) ఆదిమ మానవుల్లా తినండి, వారిలా బతకండి, మీకూ ఇలాంటి ఒళ్లు వస్తుందన్నది అతని బోధ. స్టెరాయిడ్ల ఊసెత్తితే వాటిని ఎన్నడూ ముట్టలేదనేవాడు. బోధ పక్కనే జంతువుల కాలేయంతో చేసిన గుళికల వ్యాపారం నడిచేది. 2022 చివరలో అతని ఈమెయిళ్లు బయటికొచ్చాయి. ఒళ్లు పెంచే మందులకు నెలకు దాదాపు 11 వేల డాలర్లు ఖర్చవుతున్నట్టు వాటిలో ఉంది. ఆ డిసెంబరులోనే, అబద్ధమాడానని ఒప్పుకుంటూ వీడియో పెట్టాడు.

అతన్ని పట్టించినది వైద్య మండలి కాదు, ప్రభుత్వ శాఖ కాదు. వ్యాయామం మీద, కండల మందుల మీద వీడియోలు చేసే ఇంకో యూట్యూబర్. అందుకే, 'యూట్యూబ్ చూసి ఒళ్లు పాడుచేసుకోకు' అని ఇంట్లో పెద్దలు చేసే హెచ్చరికలో ప్రేమ కనిపిస్తుంది గానీ పదును కనిపించదు. అదే యూట్యూబ్‌లో మోకాళ్ల నొప్పులున్న అమ్మలకు కుర్చీలో కూర్చుని చేసే వ్యాయామాలను ఓపికగా నేర్పే ఫిజియోథెరపిస్టులు ఉన్నారు. నడుము విరగకుండా బరువు ఎలా ఎత్తాలో మండల కేంద్రాల కుర్రాళ్లు నేర్చుకుంటున్నదీ అక్కడే. ఫోను పక్కన పడేయమంటే వీరికి ఒరిగేదేమీ లేదు. ఎవరి మాట ఎందుకు నమ్మాలో తేల్చుకోవడం తెలియాలి. దానికి మొదటి అడ్డంకి మన కన్నే. కండ కనిపించగానే వెనకా ముందూ చూడకుండా నమ్మేస్తుంది.

కండను చూసి మురిసిపోవడం మనకు కొత్త కాదు. కలియుగ భీముడు కోడి రామ్మూర్తి నాయుడు సర్కస్‌లో ఇనుప గొలుసులు తెంపుతుంటే టికెట్టు కొన్నవాడు ఎదురుగా కూర్చుని చూశాడు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచినప్పుడు బరువు చూసేవారున్నారు, తప్పు పట్టేందుకు న్యాయనిర్ణేతలున్నారు, తర్వాత డోపింగ్ పరీక్ష ఉంది. రీల్‌లో మెరిసే కండకు ఇవేవీ లేవు. పొద్దున కడుపు నిండా తిని, భుజాలు వాల్చి, ఎదురు వెలుతురులో ఒక ఫొటో దిగుతారు. కాసేపు డంబెళ్లు ఎత్తి, కండల్లోకి రక్తం పొంగాక ఒంటికి నూనె రాసుకుని, పక్కనుంచి పడే దీపం కింద ఇంకోటి దిగుతారు. కింద 'తొంభై రోజుల మార్పు' అని రాస్తారు. గడిచింది ఒక పూట.

సరే, ఒళ్లు నిజమైనదే అనుకుందాం. అది ఎలా వచ్చిందో ఆ మనిషికే పూర్తిగా తెలియకపోవచ్చు. పుట్టుకతో వచ్చిన ఎముకల తీరు, ఇరవై రెండేళ్ల వయసు, వేళకు వండిపెట్టే అమ్మ, ఎనిమిది గంటల నిద్ర, కొందరి విషయంలో సూది మందు, ఇవన్నీ కలిస్తే ఆ ఒళ్లు. వీడియోకు ఎక్కేది మాత్రం వ్యాయామమూ, ఆ వారం డబ్బులిచ్చిన కంపెనీ డబ్బా. తాటిచెట్టు దగ్గరికెళ్లి, ఇంత పొడుగు ఎదగడానికి ఏ ఎరువు వేశారని అడిగినట్టుంటుంది ఈ వ్యవహారం. ఇద్దరు బిడ్డల తల్లి, రాత్రి షిఫ్టు చేసే కాల్ సెంటర్ ఉద్యోగి, షుగరుకు మాత్రలు వేసుకునే యాభై ఏళ్ల గుమాస్తా అదే ఎరువు కొని తెచ్చుకుంటున్నారు.

కన్ను మోసపోయినా లెక్క మోసపోదు. 'పది రోజుల్లో పది కిలోల కొవ్వు మాయం' అన్న మాటనే తీసుకుందాం. ఒంట్లో కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు పడాలి. పది కిలోలకు 77 వేలు. మామూలు మనిషి శరీరం రోజుకు ఖర్చు చేసేది రెండు వేలు, రెండున్నర వేలు. అంటే పది రోజులూ పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకపోయినా లోటు పాతిక వేలు దాటదు. లెక్క ప్రకారం మూడుంబావు కిలోల కొవ్వుకు మించి కరగదు. మరి వేయింగ్ మిషను మీద ముల్లు అంతలా పడిపోయిందే అంటారా? అన్నం, రొట్టె మానేయగానే కాలేయంలో, కండరాల్లో దాచిన గ్లైకోజెన్ అనే పిండిపదార్థపు నిల్వ ఖర్చవుతుంది. గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు మూడు గ్రాముల నీరు నిలవ ఉంటుంది, అదీ వెళ్లిపోతుంది. మొదటి వారంలో తగ్గే రెండు మూడు కిలోల్లో ఎక్కువ భాగం ఈ నీరే. పెళ్లి భోజనం ఒక్కటి తింటే చాలావరకు తిరిగి వస్తుంది. ఈ సంగతి చెప్పకుండా మొదటి వారం తూకాన్ని మాత్రమే చూపించేవారు అజ్ఞానులైనా అయి ఉండాలి, ఆరితేరిన వ్యాపారులైనా అయి ఉండాలి. పొట్ట వ్యాయామాలతో పొట్ట కొవ్వే కరుగుతుందన్న హామీదీ ఇదే కోవ. కొవ్వు ఎక్కడినుంచి కరగాలో నిర్ణయించేది శరీరం, మన కోరిక కాదు.

ప్రొటీన్ పొడి దగ్గరికొస్తే లెక్క మరింత ఖరీదైనది. భారతీయులు ఏం తినాలో దశాబ్దాలుగా పరిశోధిస్తున్న జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్ తార్నాకలోనే ఉంది. కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ సిఫార్సు చేసింది ఆ సంస్థే. అరవై కిలోల మనిషికి యాభై గ్రాములన్నమాట. 2024 మేలో విడుదల చేసిన మార్గదర్శకాల్లో, కండ పెంచడానికి ప్రొటీన్ పొడుల జోలికి పోవద్దని కూడా చెప్పింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు కదా, తార్నాక మాట మనకు రుచించలేదు. బరువులెత్తేవారికి యాభై గ్రాములు చాలవన్న ట్రైనర్ల వాదనలో నిజముంది, ఆ మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. కాకపోతే ఆ అదనపు అవసరానికి పప్పు, పెరుగు, గుడ్లు, చేపలు దాటి నేరుగా డబ్బా దగ్గరికి ఎందుకు పరుగెత్తాలో వారు వివరించరు. ఆ డబ్బాలో ఏముందో కేరళ వైద్యుడు సిరియాక్ అబీ ఫిలిప్స్ బృందం పరీక్షించి చూసింది. మన దేశంలో అమ్ముతున్న 36 రకాల పొడులను పరిశీలిస్తే దాదాపు 70 శాతం డబ్బాలపై రాసిన ప్రొటీన్ లెక్క తప్పని తేలింది. కొన్నింటిలో చెప్పినదానిలో సగమే ఉంది. 14 శాతంలో బూజు వల్ల పుట్టే విషం అఫ్లాటాక్సిన్ బయటపడింది. 2024లో ఆ ఫలితాలను వైద్య పత్రికలో ప్రచురించిన ఈ కాలేయ నిపుణుడు ఆన్‌లైన్‌లో 'లివర్ డాక్' పేరుతో ప్రసిద్ధుడు. ఒక 'లివర్' పేరు మోసానికి, ఇంకో 'లివర్' పేరు ఆ మోసాన్ని పట్టే పనికి గుర్తుగా నిలవడం విచిత్రమే. ఆ వైద్యుడినీ కళ్లు మూసుకుని నమ్మనక్కరలేదు. ఎన్ని పొడులు, ఏ పరీక్ష, ఎంత తేడా అన్నది అచ్చులో పెట్టాడు, తప్పయితే ఇంకో ప్రయోగశాల పట్టుకోవచ్చు. రీల్ వీరులు మనకు ఇవ్వనిది ఈ వెసులుబాటే.

'మీ ఒంటికి ప్రత్యేకంగా తయారు చేసిన డైట్ చార్ట్' అన్నది మరో సరుకు. అమెరికాలోని టెక్సస్‌లో బ్రిటనీ డాన్ డేవిస్ అనే ఫిట్‌నెస్ ప్రముఖురాలిపై ఆ రాష్ట్ర ప్రభుత్వమే 2022లో దావా వేసింది. వ్యక్తిగతమని చెప్పి డబ్బు తీసుకుని అందరికీ మూస ప్రణాళికలే పంపిందని ఆరోపణ. 2023లో నాలుగు లక్షల డాలర్లు చెల్లించేందుకు ఆమె రాజీకొచ్చింది. మన దగ్గర వాట్సాప్‌లో వచ్చే చార్టుల్ని ఇద్దరు స్నేహితులు పక్కపక్కన పెట్టి చూసుకుంటే సగం కేసులు ఇంట్లోనే తేలిపోతాయి. థైరాయిడ్ ఉందా, బీపీకి ఏం మందు వాడుతున్నారు, పాత దెబ్బలేమైనా ఉన్నాయా అని అడగకుండా తిండి పట్టిక పంపేవాడు దర్జీ కాదు, రెడీమేడ్ దుకాణం. 'ఇది మీకు కాదు, ముందు డాక్టర్‌ను కలవండి' అని చెప్పి, వచ్చిన బేరాన్ని వెనక్కి పంపే శిక్షకులు మనలో కొందరున్నారు. వారికి ఫాలోవర్లు తక్కువ. మా లెక్కలో విలువ ఎక్కువ.

చట్టం లేదా అంటే ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద, తప్పుదారి పట్టించే ప్రచారానికి 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయవచ్చు. మొదటిసారి ఏడాది దాకా, మళ్లీ చేస్తే మూడేళ్ల దాకా ప్రచారం చేయకుండా నిషేధించవచ్చు. ఆరోగ్యం మీద మాట్లాడే నిపుణులు తమ అర్హతను చెప్పాలని, నిపుణుల్లా కనిపించే ప్రముఖులు తమ మాట వైద్య సలహా కాదని స్పష్టం చేయాలని 2023 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ నిబంధన పెట్టింది. నీళ్లు తాగండి, బాగా నిద్రపోండి, త్వరగా కోలుకోవడానికి పసుపు పాలు తాగండి వంటి సాధారణ సలహాలకు మినహాయింపునిచ్చింది. పసుపు పాలతో త్వరగా కోలుకుంటారని ఆ శాఖకు ఎవరు చెప్పారో మాకు తెలియదు. ఆరోగ్య వాదనలను కట్టడి చేసే పత్రంలోనే ఒక ఆరోగ్య వాదన దూరింది.

అసలు లోపం ఇంకోచోట ఉంది. అర్హత చెప్పమన్నారు గానీ దాన్ని సరిచూసే దారి చూపలేదు. వైద్యుడికి రిజిస్ట్రేషన్ నంబరుంటుంది, ఎవరైనా వెతికి చూసుకోవచ్చు. జిమ్ ట్రైనర్‌కు అలాంటి తప్పనిసరి నమోదేదీ లేదు. కొద్ది రోజుల కోర్సు చేసి తెచ్చిన కాగితమూ, ఏళ్ల తరబడి చదివి తెచ్చిన పట్టా తెర మీద ఒకే సైజు అక్షరాల్లో కనిపిస్తాయి. శిక్షకుల రిజిస్టరును రాష్ట్రాలు తయారు చేయాలి. ఆరోగ్య సలహాలిచ్చే ఖాతా పేరు పక్కనే ఆ నంబరును, వీడియో మొదట్లోనే 'ఈ కూపన్ కోడ్‌తో కొంటే నాకు వాటా వస్తుంది' అన్న వాక్యాన్ని యూట్యూబ్ వంటి వేదికలు తప్పనిసరి చేయాలి. ఎక్కడో చివర, 'మరిన్ని' అన్న మాట నొక్కితే గానీ కనిపించని చోట 'యాడ్' అని పెట్టడం చెప్పడం కిందికి రాదు.

రీల్‌లో మొదలైన ఆశ ఎక్కడ తేలుతుందో హైదరాబాద్‌లో చూస్తూనే ఉన్నాం. శస్త్రచికిత్స సమయంలో పడిపోయిన రక్తపోటును పెంచడానికి మత్తు వైద్యులు వాడే మెఫెంటెర్మిన్ సూది మందును జిమ్‌లకెళ్లే కుర్రాళ్లకు చాటుగా అమ్ముతూ పలువురు పట్టుబడ్డారు. ఆ మందు గుండె మీద పనిచేస్తుంది, కండ మీద కాదు. కండల స్టెరాయిడ్లు కూడా డాక్టర్ చీటీ లేనిదే అమ్మకూడనివే. ఔషధ నియంత్రణ అధికారులు అప్పుడప్పుడూ దాడులు చేసి ఊరుకోకుండా, జిమ్‌లున్న వీధుల్లోని మందుల దుకాణాల అమ్మకాల పుస్తకాలను క్రమం తప్పకుండా తనిఖీ చేయాలి.

ఇంత చెప్పాక మా ఇంటి సంగతీ చెప్పాలి. పది రోజుల్లో పొట్ట తగ్గిస్తామన్న ప్రకటనలు రీల్స్ పుట్టక ముందే తెలుగు పత్రికల్లో అచ్చయ్యాయి. మా పేజీలు అందుకు మినహాయింపు కాదు. పైన రాసిన 7,700 కేలరీల లెక్కను ఆ ప్రకటనల పక్కన కూడా పెట్టి చూడమని పాఠకులు మా ప్రకటనల విభాగానికి ఉత్తరాలు రాస్తే, వాటిని ఇదే పేజీలో అచ్చు వేస్తాం.