పల్లె మురుగుకు పట్నపు ప్లాంటు ఎందుకు?

చిన్న గ్రామాల్లో మురుగునీటి శుద్ధి ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఏ ప్లాంటు నీటిని ఎంత తేటగా ఇస్తుందన్న దగ్గరే చర్చ ఆగిపోతోంది. కట్టిన పదేళ్లకు దానిని ఎవరు నడుపుతారు, కరెంటు బిల్లు ఎవరు కడతారు, అడుగున చేరిన బురదను ఎవరు తీయిస్తారు అన్నవి అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్నలు. ఈ మూడింటికీ ఆ ఊరే జవాబు చెప్పుకోగల పద్ధతిని మాత్రమే ఆ ఊరికి ఇవ్వాలి.

1914లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే శాస్త్రవేత్తలు వెలువరించిన యాక్టివేటెడ్ స్లడ్జ్ విధానం, అంటే ట్యాంకులోని మురుగులోకి గాలి ఊది సూక్ష్మజీవులతో శుద్ధి చేయించే పద్ధతి, నగరాలకు చేసిన మేలు అపారం. కానీ దాని ప్రాణమంతా గాలి ఊదే బ్లోయర్‌లో ఉంది. పెద్ద ప్లాంట్లలోనే ఘనపు మీటరు మురుగుకు సుమారు 0.3 నుంచి 0.6 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది; ప్లాంటు చిన్నదయ్యేకొద్దీ ఆ భారం పెరుగుతుంది. బ్లోయర్ చెడిపోయి, బాగుచేసే మనిషి దూరపు పట్నంలో ఉంటే, ట్యాంకులోని సూక్ష్మజీవులు ఆక్సిజన్ అందక చచ్చిపోతాయి, మురుగు వచ్చినది వచ్చినట్టే వాగులో కలుస్తుంది.

నీటి మొక్కలతో మురుగును శుద్ధి చేయవచ్చని జర్మనీలో కేటే జైడెల్ అనే శాస్త్రవేత్త 1950ల నుంచే ప్రయోగాలతో చూపించారు. ఫ్రాన్స్‌లో నేడు వేలాది చిన్న ఊళ్లు ఆ దారిలోనే నడుస్తున్నాయి. అక్కడి పద్ధతిలో జల్లెడ పట్టిన మురుగును, ముందు ట్యాంకులో నిలవబెట్టకుండానే, కిక్కిస గడ్డి నాటిన కంకర మడుల మీదికి వదులుతారు. మొదటి దశలో మూడు మడులుంటాయి. ఒకదానికి మూడు నాలుగు రోజులు నీరు పెట్టి, తర్వాత వారం రోజులు ఆరనిస్తారు. శుద్ధిలో ఎక్కువ భాగం కంకరను పట్టుకుని పెరిగే సూక్ష్మజీవులదే. గాలికి ఊగే గడ్డి కాడలు పైన పేరుకున్న బురద పొరను చీల్చి నీటికి దారి తెరిచి ఉంచుతాయి. నేల వాలు ఉంటే సైఫన్‌తోనే నీరు పారుతుంది కనుక మోటారు అక్కర్లేదు. వారానికి రెండుసార్లు వాల్వు తిప్పడం, జల్లెడ శుభ్రం చేయడం, ఏడాదికోసారి గడ్డి కోయడం ఊళ్లో ఎవరైనా నేర్చుకోగల పనులు. మడి పైన పేరుకున్న ఆ బురద పొరను పది పదిహేనేళ్లకోసారి తీస్తే చాలు. పరీక్షించాక పొలానికి ఎరువవుతుంది.

దీనికి మనిషికి సుమారు రెండు చదరపు మీటర్ల స్థలం కావాలి, చెరువుల్లో నాచును పెంచే భాస్వరం అంతగా తగ్గదు అన్న అభ్యంతరాలు నిజమే. ఇళ్లు కిక్కిరిసిన చోట, చెరువు పక్కన వేరే ఏర్పాటు చేసుకోవలసిందే. అయితే చిన్న ఊళ్లలో అత్యధికం అలాంటివి కావు.

అయినా యంత్రాల ప్లాంట్లే ఎందుకు వస్తున్నాయంటే, నిధులు కట్టడానికి ఉంటాయి, నడపడానికి ఉండవు. పద్ధతిని ఎంచేది పై కార్యాలయం, దాని భారం మోసేది స్థానిక సంస్థ. ఎంచేవారికీ మోసేవారికీ ఈ పొత్తు కుదరనంత కాలం ఏ సాంకేతికతా నిలవదు. శుద్ధికాని మురుగు వాటాను 2030 నాటికి సగానికి తగ్గించాలన్న ఐక్యరాజ్యసమితి లక్ష్యం కట్టిన ప్లాంట్లను లెక్కించదు, సురక్షితంగా శుద్ధయిన నీటినే లెక్కిస్తుంది. టెండర్లూ అదే కొలతతో సాగాలి: ఇరవై ఏళ్ల నిర్వహణ ఖర్చును మొదటి ధరలో కలిపి పోల్చాలి, వాల్వు తిప్పే మనిషి జీతానికి ఏటా విడిగా నిధి కేటాయించాలి, పద్ధతిని ఎంచుకునే అధికారం ఆ జీతం ఇచ్చే పంచాయతీకే ఉండాలి.