సవరణ: బ్రాక్ టర్నర్ శిక్ష గురించి

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ఈతగాడు బ్రాక్ టర్నర్ అత్యాచార నేరానికి ఆరు నెలలు జైల్లో ఉన్నాడని నిన్న రాశాను. రెండూ తప్పే, క్షమించండి. అత్యాచార అభియోగాలను విచారణకు ముందే ఉపసంహరించారు. 2016లో జ్యూరీ నిర్ధారించినవి మూడు లైంగిక దాడి నేరాలు. అప్పటి కాలిఫోర్నియా చట్టంలో అత్యాచారానికి నిర్వచనం అంత ఇరుకు. ఆ ఏడాదే చట్టాన్ని సవరించారు. విధించిన శిక్ష ఆరు నెలలైనా మూడు నెలలకే వదిలేశారు.

తప్పు దిద్దుకున్నాను గానీ నా కోపం తగ్గలేదు. చెత్తకుండీ వెనుక బాధితురాలు స్పృహ లేకుండా పడి ఉంది. సైకిళ్లపై వెళ్తున్న ఇద్దరు స్వీడన్ విద్యార్థులు పారిపోతున్న అతన్ని పట్టుకున్నారు. అయినా వార్తల్లో అతని ఈత రికార్డులే! కొడుక్కి ఇష్టమైన స్టేక్ (మాంసం వంటకం) కూడా సహించడం లేదని తండ్రి జడ్జికి ఉత్తరం రాశాడు. ఆ జడ్జి ఆరన్ పెర్‌స్కీని 2018లో ఓటర్లు పదవి నుంచి దించారు. ఈ మాట నిన్న రాయనే లేదు.